వెల వేరైనంత మాత్రమున అపూర్వమగునా?

పాత బొమ్మల కథల పుస్తకములను సేకరించువారి నడుమ ఇటీవల ఒక సిద్ధాంతము మిక్కిలి ప్రబలినది. అదే కథ, అదే సంఖ్య, అదే అట్ట అయి ఉండియు, ఒక ప్రతిపై అచ్చయిన వెల మరియొక ప్రతిపై అచ్చయిన వెలకు భిన్నముగా కనిపించెనేని, ఆ భిన్నమైన ప్రతి అపూర్వమనియు, అపూర్వమగుటచేతనే దానికి పదింతలు వెచ్చించుట న్యాయమనియు, రెండింటిలో తక్కువ వెల గలది తప్పక తొలి ముద్రణమనియు దాని సారాంశము. విజయవాడ లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల దుకాణములలోను, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారము నాడు కాలిబాటపై పరచెడి పుస్తకముల మధ్యను తిరుగాడువారికి "ఇది వేరియంటండీ, మామూలు కాపీ కాదు" అను మాట నేడు కొత్త కాదు. ఆ మాట హనుమాన్ జంక్షను మీదుగా మా నూజివీడు సీమకును చేరినది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి గ్రామములలో మామిడికాయ మాగవేయు అటకలపై వరిగడ్డి ప్రక్కన ఏండ్ల తరబడి పడియున్న చందమామల కట్టలను, అమర చిత్ర కథలను ఇప్పుడు క్రిందికి దింపించుచున్నది. దింపించుట మేలే. అందుకు చూపెడి హేతువు మాత్రము నిరాధారము, దానివలన కలుగు హానియు స్వల్పము కాదు. కనుకనే దీనిని ఖండింప పూనుకొంటిని.

ఈ సిద్ధాంతము మన నేలపై మొలచినది కాదు. అమెరికాలో జరిగిన ఒక యథార్థ వృత్తాంతము దీనికి మూలము. అచ్చటినుండి ఇచ్చటికి వచ్చులోపల అది తన నియమములనన్నింటిని దారిలోనే పోగొట్టుకొన్నది. 1976 నాటికి మార్వెల్ సంస్థ వారి మాసపత్రికల వెల 25 సెంట్లు. దానిని 30 సెంట్లకు పెంచవలెనని వారి సంకల్పము. పెంచినచో పాఠకులు వెనుదీయుదురేమోయని వారి శంక. అందుచేత ఆ ఏటి ఏప్రిల్ మొదలు ఆగస్టు వరకు గల సంచికలను కొలది పట్టణములకు మాత్రము 30 సెంట్ల వెలతో పంపి, తక్కిన దేశమంతటికి అదే సంచికను 25 సెంట్ల వెలతోనే పంపి, అమ్మకములు ఏమాత్రము తగ్గునో పరీక్షించిరి. మరుసటి సంవత్సరము జూను మొదలు అక్టోబరు వరకు 35 సెంట్లతో మరల ఇట్టి పరీక్షయే జరిగినది. ఇంచుమించు రెండు దశాబ్దముల పాటు ఈ స్వల్పభేదమును పట్టించుకొన్నవారు మిక్కిలి తక్కువ. తరువాత కొందరు పరిశ్రమించి, ఆ పరీక్షా ప్రతులు తక్కిన వానికంటె ఎంతో తక్కువగా లభ్యమగుచున్నట్లు గుర్తించిరి. గుర్తించినంతనే వాని ధర ఆకాశమునంటినది.

ఈ వృత్తాంతమునందు మనవారు విడిచిపెట్టిన అంశమే దాని ప్రాణము. ఆ రెండు విధముల ప్రతులును ఒకే నెలలో, ఒకే ముద్రణమున, ఒకే ప్రకాశకుని నిర్ణయముచే వెలువడినవి. నల్లసిరా ప్లేటుపై ఒక్క అంకె మార్చుట తప్ప బొమ్మలోగాని, రంగులోగాని, లోపలి పుటలలోగాని, ప్రకటనలలోగాని లేశమాత్రమైన భేదము లేదు. తక్కినదంతయు ఒకటిగా ఉండుటచేతనే ఆ అంకెకు అంతటి సాక్ష్యబలము కలిగినది. తక్కినది కూడ మారెనేని, ఆ అంకె మరియొక ముద్రణమును సూచించునే గాని వేరియంటును సూచింపజాలదు.

దీనికి వారి దేశపు ఉదాహరణమే చాలును. 1977 జూలై తేదీతో వెలువడిన స్టార్ వార్స్ మొదటి సంచిక విపరీతముగా అమ్ముడుపోవుటచే దానిని మరల మరల అచ్చొత్తింపవలసి వచ్చెను. ఆ పునర్ముద్రణములపైనను 35 సెంట్ల వెల కలదు. పరీక్షార్థము వెలువడిన అసలు ప్రతి లక్షలు పలుకును; పునర్ముద్రణ ప్రతి దానితో పోల్చినచో చిల్లరకు దొరకును. రెండింటిపైనను అంకె ఒక్కటే! అసలు ప్రతిపై ఆ అంకె చతురస్రపు గడిలో నుండును, క్రింద బార్‌కోడు గీతలు నిండుగా నుండును. పునర్ముద్రణమున సాధారణముగా వెల వజ్రాకృతిలో నుండును, గీతలుండవలసిన గడి ఖాళీగా నుండును. ఆ దేశపు అనుభవజ్ఞుడు వెలను చూచి నిర్ణయింపడు, వెల చుట్టునున్న దానిని చూచి నిర్ణయించును. మన వేరియంటువాదులు ఆ అంకెను మాత్రము పట్టుకొని వచ్చి, గడిని అచ్చటనే వదలివేసిరి.

అరుదైనది అమూల్యమై తీరవలెనను రెండవ భ్రమకు బ్రిటను వారి ఉదంతము సమాధానము చెప్పును. అమెరికా పత్రికలు ఇంగ్లండునకు ఎగుమతి యగు తొలిరోజులలో అచ్చటి పంపిణీదారు ప్రతి పుస్తకముపైన తన రబ్బరు ముద్రతో పెన్నీల వెలను కొట్టెడివాడు. 1960 నుండి మార్వెల్ వారు ఆ శ్రమ తప్పించి, బ్రిటనుకు పోవలసిన ప్రతులపై సెంట్లకు మారుగా పెన్నీల వెలనే అచ్చొత్తింపసాగిరి. 1961లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ మొదటి సంచికకును, 1962లో స్పైడర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన సంచికకును ఇట్టి పెన్నీల ప్రతులు కలవు. అవి సెంట్ల ప్రతులతోపాటు అదే యంత్రముపై దిగినవి. సంఖ్యలో వానికంటె మిక్కిలి తక్కువ. వేరియంటువాదుల సూత్రము సత్యమైనచో అవి సెంట్ల ప్రతులకంటె ఎన్నో రెట్లు పలుకవలసినవి. కాని జరుగుచున్నది దానికి విపరీతము: పెన్నీల ప్రతి సాధారణముగా సెంట్ల ప్రతికంటె తక్కువకే పోవుచున్నది. కొనువారిలో అధికసంఖ్యాకులు అమెరికనులు. తమ బాల్యమున తాము పట్టుకొన్న పుస్తకమే వారికి కావలెను. ఇది న్యాయమా యన్నది వేరు ప్రశ్న. నా మట్టుకు నాకు కాదనియే తోచును. కాని వెలభేదము, అరుదుదనము, గిరాకీ యను మూడును ఒకదాని వెంట ఒకటి రావలెనను నియమము ఎచ్చటను లేదని ఇందువలన స్పష్టపడుచున్నది.

ఇక మన సంగతి. ఒకే నెలలో ఒకే సంచికను రెండు వెలలతో అచ్చొత్తించి పట్టణములపై ప్రయోగించుట మన బాలసాహిత్య ప్రకాశకుల పద్ధతి కాదు. మన పుస్తకములపై వెలలు మారుటకు కారణములు వేరు, అవి మిక్కిలి సామాన్యములు. 1967లో అనంత్ పాయ్ సంపాదకత్వమున ఇండియా బుక్ హౌస్ వారు ప్రారంభించిన అమర చిత్ర కథనే తీసికొందము. అది పేరునకు వరుస సంఖ్యలు గల మాలిక యైనను, నడతలో పత్రిక కాదు, పుస్తకము. పత్రిక నెల గడచిన పాతబడును. అమర చిత్ర కథ పాతబడదు. కావున గిరాకీ గల ప్రతి కథను ఏండ్ల తరబడి మరల మరల అచ్చొత్తిరి. కాగితము ధర పెరిగినప్పుడెల్ల క్రొత్త ముద్రణముపై క్రొత్త వెల వేసిరి. లోపలి పుటలో మాత్రము హక్కుల సంవత్సరము తొలినాటిదే నిలిచినది. ఆ సంవత్సరమును చూచి తొలి ముద్రణమని భ్రమించుట ఒక పొరపాటు. రెండు ముద్రణముల వెలలను ప్రక్కప్రక్కన పెట్టి అందొకటి వేరియంటనుట దానిని మించిన పొరపాటు. ఇట్లు చూచినచో వెలభేదము అరుదుదనమునకు గాక, ఆ కథ ఎంత విరివిగా అమ్ముడుపోయినదో దానికే నిదర్శనమగును. సిద్ధాంతము తలక్రిందులైనది.

మా బంధువులింట జరిగిన ఒక సంభాషణము ఇచ్చట చెప్పవలసియున్నది. ఆ ఇంటి కుర్రవాడు చదువుకొన్నవాడు, తెలివిగలవాడు, తెలుగు అమర చిత్ర కథలోని హనుమంతుని పుస్తకమొకటి నా యెదుట పెట్టి, "మామయ్యగారూ, పైన ఒక వెల, కింద ఇంకో వెల ఉందండీ! బెజవాడలో చూపిస్తే వేరియంటు అన్నారు, ఇచ్చేయమంటున్నారు" అనెను. పుస్తకమును చేతికి తీసికొని వెలుతురున చూచితిని. అట్ట మూలను ఒక చిన్న కాగితపు స్లిప్పు. దానిపై పెద్ద వెల. మైదా జిగురు ఎండి ఒక ప్రక్క లేచియుండుటచే అడుగున తొలుత అచ్చయిన చిన్న వెల సగము కనబడుచుండెను. అట్టకు దిగువన మామిడి సొన కారి గోధుమవన్నె మరక కట్టినది. అది అటక ఇచ్చిన ఆభరణము, దానితో మనకు నిమిత్తము లేదు. లోపల హక్కుల సంవత్సరము 1972కు పూర్వపుది. కాని అదే పుటలో బొంబాయి చిరునామా చివర ఆరంకెల పిన్‌కోడు! మన దేశమున పిన్‌కోడు పద్ధతి 1972 ఆగస్టు 15న గాని మొదలుకాలేదు. అంతకు ముందు నగరము పేరు ప్రక్క ఒకటి రెండంకెల మండల సంఖ్య మాత్రమే వ్రాయుట వాడుక. వెనుక అట్టలోపల లభ్యమగు పుస్తకముల పట్టికను చూడగా, ఈ కథకు ఎంతో తరువాత వెలువడిన కథల పేర్లు అందు బారులు తీరియున్నవి. ఇన్ని సాక్ష్యములు ఏకముఖముగా చెప్పుచున్నదేమనగా, ఇది తొలి ముద్రణము కాదు, తరువాతి పునర్ముద్రణము. అదియు కొంతకాలము అమ్ముడుపోక మిగిలి, పెరిగిన వెల స్లిప్పును అంటించుకొని దుకాణము చేరినది. "అయితే దీనికి రెండు వెలలు ఎందుకుంటాయండీ?" అని వాడు అడిగెను. తెలుగు పుస్తకముల దుకాణమునకు ఒకసారి పోయి అరల వెంట నడచిన వానికి ఈ ప్రశ్న పుట్టదు. వెల పెరిగినప్పుడు మిగిలిన ప్రతులపై స్లిప్పు అంటించుటయో, పాత వెలను కొట్టివేసి రబ్బరు ముద్ర వేయుటయో మన ప్రకాశకులకు, విక్రేతలకు తరతరముల అలవాటు.

ఇందుండి తక్కువ వెల గలదే తొలి ముద్రణమను మూడవ భ్రమయు తొలగును. స్లిప్పు అంటించిన ప్రతి యొకటి, చిన్న వెలతోనే మిగిలిన ప్రతి యొకటి, రెండును ఒకే ముద్రణమునకు చెందవచ్చును. అంతియే కాదు, అమ్ముడుపోక మిగిలి స్లిప్పుతో పెద్ద వెల పొందిన ప్రతియే తొలి ముద్రణమైయుండి, స్లిప్పు లేనిది తరువాత చౌకగా తీసిన ముద్రణమై యుండవచ్చును. వెలను బట్టి వయస్సు చెప్పుట ఏ ప్రమాణమునకును నిలువదు.

వెల కట్టిన నాణెమును బట్టి మాత్రము వయస్సు కొంతవరకు చెప్పవచ్చును. విచిత్రమేమనగా, నిజముగా పనికివచ్చు ఈ సాధనమునే వేరియంటువాదులు తలక్రిందులుగా వాడుచున్నారు. 1957 ఏప్రిల్ 1 నుండి మన రూపాయి పదహారు అణాలు మాని నూరు నయాపైసలైనది. 1964 జూన్ 1 నుండి 'నయా' అను విశేషణము తొలగి వట్టి పైసయే నిలిచినది. కాబట్టి అణాలలో వెల గల పుస్తకము, 'న.పై.' అని వెల గల పుస్తకము, 'పైసలు' అని వెల గల పుస్తకము మూడు వేర్వేరు కాలఖండములకు చెందుట స్వాభావికము. పాత నాణెములు, క్రొత్త నాణెములు కొంతకాలము కలిసి చెలామణి యైనవి గనుక ఆ సంధికాలమున వెలను రెండు విధముల చూపుటయు సహజమే. అణాలను మార్చుటకు ప్రభుత్వమే పట్టిక నిర్ణయించినది: నాలుగణాలు సరిగా 25 నయాపైసలు, ఎనిమిదణాలు సరిగా 50, ఆరణాలు లెక్కకు ముప్పది ఏడున్నర యగుటచే 37. ఒక వర్తకుడు ఆరణాల ప్రతిని, 37 నయాపైసల ప్రతిని నా ముందు పరచి, ఏడాది తిరుగక మునుపే వెల ఆరింతలు పెరిగినదనియు, అందుచే మొదటిది అపూర్వమనియు గంభీరముగా ఉపన్యసించెను. అర పైస తగ్గినదని నేను చెప్పినప్పుడు ఆయన నన్ను కొనుగోలుదారుల జాబితానుండి తొలగించినట్లు నాకు తోచినది.

చందమామ విషయమున ఈ వాదము మరింత బలహీనము. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో ప్రారంభించిన ఆ పత్రిక నెలకొక సంచికగా అచ్చయి, నెల తిరుగక మునుపే ఇంటింటికి చేరిన వస్తువు. దాని వెల సంవత్సరముల వెంట పెరుగుచు వచ్చినది. పెరిగిన నెలనుండి అందరికిని పెరిగినది. ఒకే నెల సంచికకు రెండు వెలలు కనిపించెనేని మొట్టమొదట స్లిప్పునో, రబ్బరు ముద్రనో, కలముతో దిద్దిన గీతనో వెదకవలెను. పిమ్మట, పాత అట్టకు వేరొక సంచిక లోపలి పుటలను కుట్టిన బైండరు పనిని శంకింపవలెను. అవి రెండును కావని తేలినప్పుడు గాని వేరియంటను మాటను నోట పలుకరాదు. పుటలు పెంచి వెల పెంచిన దీపావళి సంచికలను, విమానములో పంపు దూరప్రాంతములకు అదనపు పైసలని పత్రికలపై అచ్చగు చిన్న పంక్తిని సైతము వేరియంటులుగా చూపువారు కలరు. వారికి సమాధానము చెప్పుట కాలవ్యర్థము.

ఇచ్చట ప్రతివాదులు ఒక మాట అందురు: "మీ శాస్త్రము మీదే ఉండనిండు, కొనువాడు ఇచ్చుచున్నాడు, అమ్మువాడు పుచ్చుకొనుచున్నాడు, నడుమ మీకేల?" ధరను గూర్చి నాకు తగవు లేదు. ఎవరి ముచ్చట వారిది. స్లిప్పునకే మురిసి పదివేలిచ్చువానిని నేను ఆపను. కాని పుస్తకము ఎప్పుడు, ఎచ్చట, ఎన్నవసారి అచ్చయినదన్నది బేరమున తేలెడి సంగతి కాదు. నున్న మార్కెట్టులో ఒక ధరకు, హైదరాబాదులో మరియొక ధరకు అమ్ముడుపోయినంత మాత్రమున నూజివీడు చిన్నరసము రెండు జాతుల పండు కాజాలదు. జాతిని తొడిమ, పీచు, రసము చెప్పునే గాని గంపపై సుద్దతో వ్రాసిన అంకె చెప్పదు. ధరలు మారుటకు కారణములు ధరలయందే వెదకవలెను, పుస్తకపు పుట్టుకయందు కాదు.

ఈ భ్రమవలని హాని కేవలము అమాయకుల డబ్బు పోవుటతో తీరినచో నేనింత కాగితము ఖర్చు చేయనక్కరలేదు. మా ప్రాంతమున వేసవి సెలవులలో పిల్లలు తోటలోని కాపలా పాకలో కూర్చుండి చదివిన చందమామలను, ఏడాది చివర పెద్దలు పన్నెండు సంచికలుగా కూర్చి, కాలికో గుడ్డతో బైండు చేయించి, వీపుపై సంవత్సరము వ్రాయించి దాచినారు. అట్టి బైండు పుస్తకములు ఇప్పుడు 'వేరియంటు' వేటగాండ్ర చేత చిక్కుచున్నవి. వెల వేరుగా కనిపించిన ఒక్క సంచిక కొఱకు కుట్టు తెంపి, దానిని లాగికొని, తక్కిన పదునొకండింటిని తూకమునకు వేయుచున్నారు. అది యెంతటి అవివేకమో చెప్పుటకు మన పాతపత్రికలకు అరుదుదనము ఎట్లు కలుగునో తెలిసియుండవలెను. బైండరు తన కత్తితో మూడు వైపులను సమముగా కోయును; ఆ కోతలో పలుమారు అట్ట అంచును, అంచుననున్న అక్షరములును పోవును. కొందరు బైండర్లు అట్టలను అనావశ్యకములని తీసి పారవేసినారు. వడ్డాది పాపయ్యగారు రంగులద్దిన అట్టబొమ్మలు ఎన్నో ఆ విధముగా నశించినవి. పిల్లలు బొమ్మలు కత్తిరించిరి, పోటీల కూపనులు చించి పంపిరి. చెద, చెమ్మ, వేసవి గాడ్పు తమ వంతు తాము గైకొన్నవి. న్యూస్‌ప్రింటు తన స్వభావముచేతనే పసుపెక్కి పెళుసుబారినది. వీనినన్నింటిని దాటి, అట్టతో, కూపనుతో, కత్తి తగులని అంచులతో, రెండు పిన్నులును తుప్పుపట్టక నిలిచిన సంచిక యేదైన నుండెనేని అదియే అపూర్వము. దాని వెల ఆరణాలైననేమి, అరవై పైసలైననేమి. పన్నెండును వరుస తప్పక ఒకచోట నిలిచిన సంపుటము అంతకంటె అపూర్వము. దానిని తెంపి ఒక్క అంకెను అమ్ముకొనువాడు అపూర్వమైనదానిని పాడుచేసి సామాన్యమైనదానిని సంపాదించుచున్నాడు.

ముద్రణమును నిర్ణయింపగోరువానికి సాధనములకు కొదవ లేదు, ఓపికకే కొదవ. చిరునామా చూడవలెను: 'మద్రాసు-26' అను పంక్తి ఒక కాలమును, ఆరంకెల సంఖ్య గల పంక్తి మరియొక కాలమును చెప్పును, 'ముంబయి' అని యున్నది 1995కు తరువాతిది, 'చెన్నై' అని యున్నది 1996కు తరువాతిది. పుటను వెనుకకు త్రిప్పి వ్రేలితో తడిమినచో సీసపు అక్షరముల ఒత్తుడు తెలియును; ఆఫ్‌సెట్టు అచ్చులో అది యుండదు. కంప్యూటరు అక్షరములు కంటికే పట్టుబడును. వెనుక అట్టపై ప్రకటనలోని వస్తువు ఎప్పుడు అంగడికి వచ్చినదో తలచుకొన్నచో చాలు, ఎందరి వాదములో తేలిపోవును. ఈ సాక్షులనందరిని విచారించిన పిదప వెలను విచారింపవలెను. అప్పుడది తన వంతు సాక్ష్యమును యథార్థముగనే చెప్పును.

తుదకు ఒక దురాచారమును గూర్చి. స్లిప్పు గల ప్రతిని 'శుద్ధి' చేయుదుమని కొందరు దానిని ఆవిరికి పట్టి, స్లిప్పును ఊడదీసి, అడుగునున్న చిన్న వెలను బయటపెట్టి తొలి ముద్రణమని అమ్ముచున్నారు. ఆవిరి తగిలిన చోట అట్ట మెరుగు పోయి తెల్లని నలుచదరపు మచ్చ నిలుచును. లాంతరు వెలుతురులో ఏటవాలుగా పట్టినచో స్పష్టముగా కనబడును. ఆ స్లిప్పు ఆ పుస్తకము ఎంతకాలము దుకాణమున నిలిచినదో, ఎవరు తిరిగి వెల కట్టిరో తెలుపు ఏకైక పత్రము. కొన్నింటిపై దుకాణదారు ముద్రయు నుండును. పిల్లల పుస్తకములు మా ఊళ్ళకు ఏ అంగడి మీదుగా, ఏ సంవత్సరమున చేరినవో వ్రాయదలచువారు రేపు వెదకవలసినది ఆ ముద్రలనే. కావున మీ ఇండ్లలో అట్టివి యున్నచో స్లిప్పును తాకకుడు. లేచిన అంచుపై పలుచని కాగితమొకటి కప్పి, పుస్తకమును మామిడికాయ మాగవేయు గడ్డికి దూరముగా, నేల తగులకుండ, పొడి అలమారలో నిలువుగా గాక పడుకోబెట్టి ఉంచుడు. వేరియంటు కొఱకు ఎవరైన వచ్చినచో, అదే నెల, అదే ముద్రణపు పంక్తి గల రెండవ ప్రతిని తెచ్చి ప్రక్కన పెట్టుమని అడుగుడు.